పిప్పలి: తూర్పు కనుమల నీడ పంట, పెరటి సాగు

పిప్పలి, మిరియాలు, తమలపాకు చేరిన పైపరేసీ కుటుంబానికి చెందిన బహువార్షికపు తీగమొక్క. శాస్త్రీయ నామం పైపర్ లాంగమ్. ఈ పేరును లిన్నేయస్ 1753లో ప్రకటించాడు. పెద్ద చెట్ల నీడలో, వాగుల ఒడ్డున, రాలిన ఆకు చివికి నల్లబడిన మెత్తని నేలలో ఇది సహజంగా పెరుగుతుంది. ఎండిన కాయలను తెలుగునాట పిప్పళ్ళు అంటారు. ఎండబెట్టిన వేరును, నేలలో దిగిన లావుపాటి కాండపు ముక్కలను కలిపి మోడి లేదా పిప్పలిమోడి అంటారు. హిమాలయ పాదాల నుంచి అస్సాం, బెంగాల్ దిగువ కొండల దాకా, పడమటి కనుమల సతత హరితారణ్యాలలో, తూర్పు కనుమల తడి లోయలలో ఈ తీగ కనిపిస్తుంది. దేశంలో పిప్పలి సాగుచేసే తక్కిన చోట్ల ప్రధానంగా కాయ కోసమే పెంచుతుండగా, విశాఖ మన్యంలో మాత్రం వేరే ముఖ్యమైన ఫలసాయంగా నిలిచింది. కాయ కోస్తే తీగ మిగులుతుంది, వేరు తవ్వితే తీగ పోతుంది. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో పిప్పలి పెంపకం గురించి చెప్పవలసిన విషయాలలో చాలా భాగం ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

మొక్క స్వరూపం

పిప్పలి మిరియపు తీగలా చెట్టు మొదలును పట్టుకుని పైదాకా ఎగబాకదు. నేలమీద పాకుతూ, కణుపు కణుపున వేళ్ళు దింపుకుంటూ, దగ్గర ఏదైనా పొదో రాయో దొరికితే దానిమీదికి కొద్దిగా లేస్తుంది. ఒకే మొక్కకు రెండు తీరుల కొమ్మలుంటాయి. నేలపై పాకే కొమ్మల ఆకులు వెడల్పుగా, తమలపాకును పోలి, మొదట్లో హృదయాకారపు గంటుతో, పొడవైన తొడిమతో ఉంటాయి. కాయ కాసే నిటారు కొమ్మల మీద పైకి పోయేకొద్దీ ఆకులు సన్నబడి, తొడిమ కురచబడి, చివరి ఆకులు తొడిమే లేకుండా కాండాన్ని చుట్టుకున్నట్లు అంటుకుని ఉంటాయి. ఈ రెండు రకాల ఆకులను విడివిడిగా చూసినవారు అవి రెండు వేర్వేరు మొక్కలవని పొరబడడం సహజం.

పూలకు రేకులుండవు. అతి చిన్న పూలు కంకిమీద ఒత్తుగా అమరి ఉంటాయి. మగపూలు ఒక మొక్కమీద, ఆడపూలు మరో మొక్కమీద పూస్తాయి. ఇటువంటి మొక్కలను ఏకలింగాశ్రయులంటారు. మగ కంకి సన్నగా, పసుపు ఛాయతో, ఆడ కంకికి రెండు మూడు రెట్ల పొడవుంటుంది. ఆడ కంకి రెండున్నర సెంటీమీటర్లకు మించక, బొద్దుగా, నిటారుగా నిలుస్తుంది. బజారులో దొరికే పిప్పలి ఆడ కంకి మొత్తమే. ఆవగింజకన్నా చిన్నవైన పండ్లనేకం ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే కాయలా కనబడతాయి. మగ తీగ కాయ ఇవ్వదు గనుక పెరటికి తెచ్చుకునే తీగ ఆడదో మగదో కంకి ఉన్న కాలంలోనే చూసి గుర్తుపెట్టుకోవడం మంచిది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే ఏడాది పెంపకం వృథా అవుతుంది.

తూర్పు కనుమలలోనే పెరిగే గజపిప్పలి లేదా ఏనుగు పిప్పలి దీనికి పేరులో తప్ప బంధువు కాదు. అది చామ కుటుంబానికి చెందిన స్కిండాప్సస్ అఫిసినాలిస్ అనే లావుపాటి తీగ. పెద్ద ఆకులతో చెట్ల మీదికి ఎగబాకుతుంది, దాని ఎండు పండ్ల ముక్కలనే గజపిప్పలి పేరుతో అమ్ముతారు.

కొండలలో ఉనికి, పూర్వ చరిత్ర

ఈ ప్రాంతపు పిప్పలి గురించి తొలి శాస్త్రీయ ప్రస్తావనలలో ఒకటి విలియం రాక్స్‌బర్గ్‌ది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా సామర్లకోటలో ఉంటూ 1780లలో అక్కడ ప్రయోగాత్మకంగా మిరియాల తోట వేయించిన ఈ వృక్షశాస్త్రజ్ఞుడు, ఉత్తర సర్కారు కొండల దిశగా వాగుల గట్లమీది పొదలలో పిప్పలి అడవి మొక్కగా పెరుగుతున్నదని, వానాకాలంలోనూ చలికాలంలోనూ పూచి కాస్తున్నదని రాశాడు. వాగు గట్టు, పొద నీడ, వానాకాలం అనే ఆ మూడు మాటలలోనే ఈ మొక్కకు కావలసిన సాగు పద్ధతి అంతా ఇమిడి ఉంది.

అంతకు చాలా ముందే పిప్పలి ప్రపంచ వర్తకంలో పేరు తెచ్చుకుంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టిన ధరల ప్రకారం పౌను పిప్పళ్ళు 15 దెనారీలు, తెల్ల మిరియాలు 7, నల్ల మిరియాలు 4 పలికేవి. అంటే ఈనాడు బజారులో మిరియాల ముందు వెనకబడిన పిప్పలి అప్పట్లో వాటికి దాదాపు నాలుగు రెట్ల విలువ చేసేది. అమెరికా ఖండం నుంచి మిరపకాయ వచ్చి, తక్కువ శ్రమతో ఎక్కడపడితే అక్కడ పండే కారాన్ని అందించిన తరువాత పిప్పలి వంటింటి నుంచి క్రమంగా వైదొలగి మందుల పెట్టెకు పరిమితమైంది. ఐరోపా దానిని దాదాపు మరిచిపోయింది. తెలుగు ఇళ్ళలో శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిసిన త్రికటుకంగా, బాలింతలకు పెట్టే కాయంలో మోడిగా అది నిలిచిపోయింది.

నీడ

ప్రస్తుతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ ఉన్న శిఖరాలు 1,500 మీటర్లు దాటుతాయి. పిప్పలి సాధారణంగా 1,000 మీటర్ల లోపు ఎత్తులలోనే బాగా కాస్తుంది కాబట్టి, అరకు ప్రాంతం ఆ మొక్క ఓర్చుకోగలిగిన పై అంచున ఉన్నట్లు లెక్క. లోయ అడుగున, వాగుల దగ్గర, గాలి నేరుగా తగలని చోట వేసిన మడి కొండవాలు మీది మడికన్నా మెరుగ్గా ఉంటుంది. లంబసింగి వంటి చోట్ల డిసెంబరు, జనవరి నెలలలో ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలకన్నా దిగజారే రాత్రులుంటాయి. ఆ రోజులలో తీగ ఎదుగుదల ఆగిపోతుంది, లేత చిగుళ్ళు మాడతాయి. పైన చెట్టు కొమ్మల కప్పు ఉంటే ఈ నష్టం తగ్గుతుంది. అందువల్ల ఈ కొండలలో పిప్పలికి నీడ వేసవిలో ఎండనుంచీ శీతాకాలంలో మంచునుంచీ కాపాడే రెండు విధాల రక్షణ.

పూర్తి ఎండలో 25 నుంచి 50 శాతం దాకా అడ్డుకునే నీడ పిప్పలికి అనుకూలమని సాగు గ్రంథాలు చెబుతాయి. కొలత పరికరాలు లేని పెరట్లో దీనిని గుర్తించే తేలిక మార్గం ఒకటుంది. మిట్టమధ్యాహ్నం నేలమీద ఎండ మచ్చలు మచ్చలుగా పడి, ఆ మచ్చలు నీడకన్నా ఎక్కువగానో దానికి సమానంగానో ఉంటే ఆ చోటు సరిపోతుంది. నీడ చాలకపోతే ఆకు చిన్నబడి, పసుపుబారి, అంచులు ఎండుతాయి. నీడ మితిమీరితే కణుపుల మధ్య దూరం పెరిగి తీగ పలచగా సాగిపోతుందే తప్ప కంకులు వేయదు. మొదటి లోపం రెండు వారాలలో కనబడుతుంది. రెండోది కాపు కాలం దాకా బయటపడదు కనుక పెరటి సాగుదార్లను ఎక్కువగా మోసగించేది అదే.

మన్యంలో ఇటువంటి నీడ ఇప్పటికే తయారుగా ఉంది. పాములేరు లోయలో 1898 ప్రాంతంలో ఆంగ్లేయుల చేతుల మీదుగా ఈ కనుమలకు వచ్చిన కాఫీ, తరువాతి కాలంలో అటవీ శాఖ, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల ప్రోత్సాహంతో గిరిజన రైతుల తోటలలో విస్తరించింది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సిల్వర్ ఓక్, పనస వంటి చెట్ల కింద కాఫీ, ఆ చెట్ల మొదళ్ళకు మిరియపు తీగ అనే రెండంచెల పద్ధతి ఇక్కడ బాగా కుదురుకుంది. కాఫీ మొక్కల వరుసల మధ్య, ముఖ్యంగా తోట అంచున నీరు దిగే పల్లపు భాగాలలో పిప్పలి మూడో అంచెగా ఇముడుతుంది. కాఫీ ఒత్తుగా కమ్ముకున్న నడితోటలో అది కాయదు. కేరళలో కొబ్బరి తోటల నీడ కోసం అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘విశ్వం’ అనే రకాన్ని విడుదల చేసింది. మన్యపు పోడు పొలాలలో చెట్లు కొట్టి కాల్చిన నేల మీద పిప్పలికి చోటు లేదు. అడవి పలచబడిన వాలుల మీద ఈ తీగ ముందుగా కనుమరుగు కావడానికి కారణం అదే.

ఇంటి పెరడుకు వస్తే, పనస చెట్టు కింద పడమర, దక్షిణ దిక్కుల ఎండ పడని చోటు అన్నిటికన్నా అనువైనది. అరటి బోదెల పక్కన కూడా బాగానే వస్తుంది. కొత్త పెరటిలో చెట్లింకా ఎదగకపోతే తమలపాకు తోటల రైతుల మాదిరి ముందు అవిసె విత్తనాలు వరుసగా చల్లి, అవి తల ఎత్తాక వాటి నీడలో పిప్పలి నాటుకోవచ్చు.

నాటడం, పోషణ

విత్తనంతో పెంచితే ఆడ, మగ మొక్కలు కలగాపులగంగా వస్తాయి కాబట్టి తీగ ముక్కలతోనే పెంచుతారు. కాపు చూసి ఎంచుకున్న ఆడ తీగ నుంచి, ఏడాది వయసున్న పాకుడు కొమ్మలను మూడు నుంచి అయిదు కణుపులుండేలా కోసి, మార్చి, ఏప్రిల్ నెలలలో ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో నింపిన పాలిథిన్ సంచులలో రెండు కణుపులు మట్టిలో దిగేలా నాటి నీడలో ఉంచుతారు. రోజూ కొద్దిగా తడుపుతుంటే రెండు నెలలలో మొక్క తయారవుతుంది. తొలకరి పడి నేల ఒకసారి బాగా తడిసిన తరువాత, జూన్‌లో మడిలోకి మార్చాలి.

మడికి చదరపు మీటరుకు సుమారు 2 కిలోల చొప్పున చివికిన ఎరువు కలపాలి. మొక్కకూ మొక్కకూ, వరుసకూ వరుసకూ 60 సెంటీమీటర్ల ఎడం ఇవ్వాలి. ఈ లెక్కన 10 చదరపు మీటర్ల మడిలో ఇరవై అయిదుకు పైగా మొక్కలు పడతాయి. నేల ఎప్పుడూ తేమగా ఉండాలి, నీరు మాత్రం నిలవకూడదు. ఈ రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలంటే మడిని నేలకన్నా జానెడు ఎత్తుగా లేపి, చుట్టూ కాలువ తీసి, పైన ఎండుటాకు దట్టంగా పరవడం ఒక్కటే దారి. మన్యంలో ఆకుకు కొరత లేదు. పనస, సిల్వర్ ఓక్ ఆకు కింద నేల వేసవిలోనూ చల్లగా ఉంటుంది. కలుపు తీసేటప్పుడు గునపం, పార వాడితే కణుపుల దగ్గర దిగిన పై వేళ్ళు తెగుతాయి కనుక చేత్తోనే పీకాలి. వానలు వెనుదిరిగాక వారానికొకసారి నీరు పెట్టకపోతే తీగ చావకపోయినా ఆ ఏడు కాపు రాదు.

తెగుళ్ళు, పురుగులు

వానాకాలంలో ఆకులమీద నల్లని తడి మచ్చలు లేచి, ఆకూ తీగా కుళ్ళిపోవడం ఈ పంటకు వచ్చే ప్రధానమైన చేటు. దీనికి కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం కారణం. గాలి ఆడకుండా తీగ అల్లుకుపోయిన మడిలో ఇది తొందరగా పాకుతుంది. వానలకు ముందు పాత కొమ్మలను పలచన చేసి, అర శాతం బోర్డో మిశ్రమం చల్లితే చాలావరకు అదుపులో ఉంటుంది. 50 గ్రాముల మైలుతుత్తాన్ని 5 లీటర్ల నీటిలో, 50 గ్రాముల సున్నాన్ని మరో 5 లీటర్ల నీటిలో వేర్వేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలోకి మెల్లగా పోస్తూ కలియబెడితే లేత నీలి రంగు మిశ్రమం తయారవుతుంది. శుభ్రమైన కొడవలి మొనను దానిలో ఒక నిమిషం ముంచి తీసినప్పుడు ఎర్రని రాగి పూత పట్టితే సున్నం చాలలేదన్నమాట; పూత పట్టకుండా పోయేదాకా మరికొంత సున్నపు నీరు కలపాలి. సున్నం తగ్గిన మిశ్రమం ఆకును మాడ్చేస్తుంది. ఇనుప పాత్రలు వాడకూడదు, తయారైన రోజే చల్లేయాలి, కంకులు కోతకు దగ్గరపడ్డాక చల్లకూడదు.

వేసవిలో తీగ కారణం కనబడకుండా వాడి పసుపుబారితే వేరును తవ్వి చూడాలి. తెల్లని దూది అంటినట్లున్న పిండినల్లి వేళ్ళను పట్టి రసం పీలుస్తూ ఉంటుంది. మొదట్లో చీమలు బారులు తీరడం దాని ఆనవాలు. జీడిమామిడి రైతులకు బాగా తెలిసిన తేయాకు దోమ లేత ఆకులను పొడిచి చిల్లులు చేస్తుంది, దానికి వేపగింజల కషాయం సరిపోతుంది.

కాయ కోత, మోడి తీత

నాటిన ఆరు నెలలకు కంకులు మొదలవుతాయి. పూచిన రెండు నెలలకు కోతకు వస్తాయి. కంకి ముదురాకుపచ్చ దాటి నల్లబడుతూ, ఇంకా గట్టిగా ఉన్నప్పుడే కోయాలి. పూర్తిగా పండి మెత్తబడితే ఘాటు పోతుంది. కోసిన కంకులను నాలుగైదు రోజులు ఎండబెట్టాలి. 10 కిలోల పచ్చి కాయకు సుమారు కిలోన్నర ఎండు పిప్పళ్ళు వస్తాయి. గాలి చొరని డబ్బాలో దాచకపోతే వానాకాలపు తేమకు బూజు పడతాయి.

హెక్టారుకు మొదటి ఏడు సుమారు 400 కిలోలు, మూడో ఏడు 1,000 కిలోల ఎండు కాయ వస్తుందని, ఆ తరువాత తీగ సత్తువ తగ్గుతుందని సాగు గ్రంథాల లెక్క. దీనిని 10 చదరపు మీటర్ల పెరటి మడికి కుదిస్తే మొదటి ఏడు 400 గ్రాములు, మూడో ఏడు కిలో. అరకు చలిలో ఇది కొంత తగ్గినా ఒక ఇంటి అవసరానికి ఎక్కువే.

మోడి కోసం సాగుచేసే విశాఖ కొండలలో నాటిన 18 నెలల తరువాత తీగను నేలమట్టానికి కోసి, వేళ్ళను తవ్వి తీస్తారు. మట్టి దులిపి, ఒక రోజు నీడలో కుప్పవేసి, రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్ల ముక్కలుగా నరికి ఎండబెడతారు. లావుపాటి వేరు, నేలలోని కాండపు ముక్కలు మొదటి రకం. సన్న వేళ్ళు, విరిగిన తునకలు రెండో, మూడో రకాలు, వాటికి ధర బాగా తగ్గుతుంది. హెక్టారుకు సగటు రాబడి 500 కిలోలు. మూడో ఏటి కాయ ఒక్కటే బరువులో దానికి రెట్టింపుండగా, పద్దెనిమిది నెలలకే తీగను తవ్వి పడేయడం పెరటి సాగులో అర్థంలేని పని. మడిని మూడు పాళ్ళు చేసి, మూడేళ్ళు కాయ కోసుకున్న భాగాన్ని మాత్రమే ఏటా వంతులవారీగా తవ్వి, తవ్విన రోజే అదే తీగ ముక్కలను తిరిగి నాటుకుంటే కాయా మోడీ రెండూ చేతికందుతాయి, మడి ఖాళీ కాదు.

అడవిలో తవ్వే మోడికి ఈ వెసులుబాటు లేదు. ఔషధ మొక్కలు, వేళ్ళు, దుంపలు కలిసిన చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గిరిజనులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం యాజమాన్యం కల్పించింది. అయితే హక్కు ఉన్నంత మాత్రాన వాగు గట్టున తీగ మిగలదు. కేంద్ర ప్రభుత్వం 2000లో నెలకొల్పిన జాతీయ ఔషధ మొక్కల మండలి సాగుకు ప్రాధాన్యమిచ్చిన మొక్కల పట్టికలో పిప్పలిని చేర్చింది. గిరాకీ తీరక పిప్పళ్ళను దేశం ఇండోనేషియా వంటి చోట్ల నుంచి దిగుమతి చేసుకుంటున్నది. వాటిలో కొంత భాగం జావా పిప్పలి అనే వేరే జాతిది.

వాడుక, జాగ్రత్తలు

పిప్పలి ఘాటుకు మూలం పైపరీన్ అనే పదార్థం. దీనిని 1819లో మిరియాల నుంచి మొదట వేరుచేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్, మరుసటి ఏడే విద్యుత్తుకూ అయస్కాంతానికీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టి ఆ కీర్తితోనే మిగిలాడు. పైపరీన్ ఇతర మందులను శరీరం ఎక్కువగా గ్రహించేలా చేస్తుందని జమ్ములోని ప్రాంతీయ పరిశోధనశాలలో సి.కె. అటల్ బృందం చేసిన పని చూపింది. దాని ఆధారంగా 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్‌కు బదులు 200 మిల్లీగ్రాములకు 10 మిల్లీగ్రాముల పైపరీన్ చేర్చిన క్షయ మందు మన దేశంలో తయారైంది. ఇదే గుణం ఇంటి వైద్యంలో హెచ్చరిక కూడా: రోజూ వేరే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా పిప్పలిని ఔషధంగా తీసుకోకూడదు. ఉప్పు, క్షారాలతో పాటు పిప్పలిని కూడా అతిగా వాడరాదని చరక సంహిత ఏనాడో చెప్పింది.

మైదాన ప్రాంతంలో

విశాఖపట్నం, రాజమహేంద్రవరం వంటి చోట్ల పెంచదలచినవారు 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న మట్టి కుండీలో, అడుగున రంధ్రం మీద పెంకు పరచి, ఎర్రమట్టికి చివికిన ఆకు ఎరువు, ఇసుక కలిపి రెండు తీగ ముక్కలు నాటుకోవచ్చు. ఉత్తరపు వరండా, నూతి గట్టు, మామిడి చెట్టు కింద చోటు దీనికి సరిపోతాయి. ఏప్రిల్, మే నెలల వడగాలికి ఆకు మాడకుండా రెండు పూటలా నీరు చిలకరించి, కుండీ చుట్టూ తడిపిన గోనె చుట్టాలి. ఒంటి ఆడ తీగ కూడా ఎండబెట్టుకోదగ్గ కంకులు ఇస్తుంది కాబట్టి మగ మొక్క కోసం వెతకనక్కరలేదు. మోడి లావెక్కడానికి మాత్రం కుండీ చాలదు. కుండీలో పెంచే పిప్పలిని కాయకోసమే పెంచాలి.